సబ్‌ఊఫర్ బాక్సుకి టెర్మినల్ కప్పు పెట్టాలా, రంధ్రం చేసి వైరు లాగేస్తే చాలదా?

డిక్కీమోత: కారు డిక్కీలోకి 12 అంగుళాల ఊఫర్‌కి సీల్డ్ బాక్సు చేయిస్తున్నా, 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్. షాపులో టెర్మినల్ కప్పు, అంటే బయటి నుంచి వైరు తగిలించే స్ప్రింగ్ క్లిప్పులున్న ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టారు. ఫ్రెండేమో అది దండగ, చిన్న రంధ్రం పెట్టి వైరు లోపలికి లాగి సిలికాన్ కొట్టెయ్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సౌండ్‌సీను: ఫ్రెండ్ మాటే విను బ్రో. సీల్డ్ బాక్సులో లోపలి గాలే స్ప్రింగు, కప్పు కోసం అంత కంత కోసి సరిగ్గా సీల్ చేయకపోతే కోన్ కదిలినప్పుడల్లా ఆ సందులోంచి బుస్సుమంటుంది. ప్లాస్టిక్ పల్చగా ఉంటే బరబరా చప్పుడు అదనం. వైరు నేరుగా స్పీకర్‌కే తగిలితే మధ్యలో జాయింటే ఉండదు.

వడ్రంగిబాబాయ్: జాయింట్ లేదు సరే, ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులకి జాగా కావాలంటే? బాక్సు తీయడానికి ఆంప్ (ఆంప్లిఫయర్) దగ్గర వైరు విప్పాలి, తొందరలో లాగితే సిలికాన్ పట్టు వదిలి స్పీకర్ ట్యాగు (వైరు తగిలించే రేకు) మీద గుంజుడు పడుతుంది. అలాగే చేస్తానంటే కనీసం లోపలివైపు వైరుకి ముడి వెయ్యి. సిలికాన్ కూడా వెనిగర్ వాసన కొట్టే రకం వద్దు నాయనా, ఆ ఆవిరికి రాగి పాడవుతుంది, న్యూట్రల్ క్యూర్ అని అడుగు.

రాగితీగ: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. పేచీ కప్పుతో కాదు, స్ప్రింగ్ క్లిప్పుతో. చాలా క్లిప్పుల్లో 12 గేజ్ వైరు దూరదు, జనం కొన్ని పోగులు కత్తిరించి మిగతావి కుక్కుతారు, బయటికొచ్చిన పోగొకటి పక్క టెర్మినల్‌కి తగిలిందంటే ఆంప్ ప్రొటెక్షన్‌లోకి పోవడమే, అంటే తనంతట తానే ఆగిపోతుంది. బైండింగ్ పోస్టులు (వైరుని మర తిప్పి బిగించే టెర్మినళ్లు) కొని, కప్పు లేకుండా ఒక్కోదానికి విడిగా రంధ్రం వెయ్. మామూలు పోస్టు బోల్టు 18 మి.మీ. చెక్క దాటి రాదు, పొడవువి అడుగు, లేదంటే లోపలివైపు పెద్ద బిట్‌తో కొంచెం తవ్వించు. లోపల వైరు చివర లగ్గు (బోల్టుకి తొడిగే లోహపు రింగు) క్రింప్ చేసి లాక్ వాషర్ తప్పకుండా వెయ్, ఊఫర్ అదురుకి నట్టు వదులవుతుంది. డబుల్ కాయిలా నీ ఊఫర్, అంటే రెండు వాయిస్ కాయిల్స్ ఉన్నదా?

డిక్కీమోత: అవును, 4+4 ఓమ్‌లు.

రాగితీగ: అయితే కాయిల్‌కి రెండు చొప్పున నాలుగు పోస్టులు. ప్యారలల్ అయితే 2 ఓమ్‌లు, సిరీస్ అయితే 8. రేపు ఆంప్ మార్చినా స్పీకర్ విప్పే పని లేదు, బయటే పట్టీ మార్చుకోవచ్చు.

డీజేతమ్ముడు: మా పెళ్లి బాక్సులన్నిటికీ స్పీకాన్ కనెక్టరే అన్నా. తిప్పితే లాక్, ఎవరు తన్నుకుని పడ్డా ఊడదు. కార్లో ఎందుకు పెట్టరో!

రాగితీగ: పెట్టొచ్చు తమ్ముడూ, ప్లగ్గు బయటికి పొడుచుకొస్తుంది కాబట్టి సీటుకి ఆనే వైపు వద్దు.

డిక్కీమోత: సరే, కప్పు వాపస్ ఇచ్చేస్తా. లీకు కనిపెట్టడం ఎలా?

వడ్రంగిబాబాయ్: 30 హెర్ట్జ్ టోన్ తక్కువ సౌండ్‌లో పెట్టి పోస్టుల చుట్టూ అగరుబత్తి తిప్పు. పొగ టోన్‌తో పాటు వణికిందంటే అక్కడ సందుంది.

సౌండ్‌సీను: నాలుగు పోస్టులంటే నాలుగు చోట్ల అగరుబత్తి. నాది ఒక్క రంధ్రమే బాబాయ్!