లిలియువోకలాని వంశవృక్షం: కలాకౌవా అన్న, పౌవాహి అక్క, రెండూ ఎలా?

పాతపటం: హవాయి చివరి రాణి లిలియువోకలాని (1838–1917) కుటుంబాన్ని ఒక పేజీలో గీస్తున్నాను. రాజు కలాకౌవా ఆమెకు అన్న అంటున్నారు. బెర్నీస్ పౌవాహి అక్క అని కూడా అంటున్నారు. పౌవాహిది అంతకుముందు హవాయిని ఏలిన కమెహమెహా వంశం, కలాకౌవాది కాదు. ఇద్దరినీ ఒకే గీత మీద పెడితే చెట్టు తప్పుతోంది. ఎక్కడ పొరపాటు?

కొమ్మరెమ్మ: గీత ఒకటే వాడుతున్నారు, అదే పొరపాటు. హవాయి అలీఈ కుటుంబాల్లో, అంటే దొరల ఇళ్లలో, పుట్టిన బిడ్డను వెంటనే మరో ఇంటికి పెంపకానికి ఇచ్చేవారు. దాన్నే హానై అంటారు. కన్నవాళ్లెవరో దాచేవారు కాదు, వంశం లెక్క కన్నవాళ్ల వైపు నుంచే నడిచేది. అందుకని కన్న సంబంధానికి నిండు గీత, హానైకి చుక్కల గీత పెట్టుకోండి.

ముందు నిండు గీతలు: తండ్రి కపాఆకెయా, తల్లి కెయోహోకలోలె. పిల్లల్లో కలియోకలాని, కలాకౌవా (1836), లిలియువోకలాని, లికెలికె, లెలెయోహోకు పేర్లు చాలు. తర్వాత చుక్కల గీతలు: లిలియువోకలాని అబ్నర్ పాకీ, కోనియాల ఇంట్లో పెరిగింది. పౌవాహి వాళ్ల కన్నకూతురు, అక్కచెల్లెళ్ల వరస అక్కడిదే. లెలెయోహోకును రూత్ కెయెలికోలాని పెంచుకుంది.

ఇక్కడో గొయ్యి ఉంది. రూత్ మొదటి భర్త పేరూ లెలెయోహోకే! పెంపుడు కొడుకుకి అదే పేరు వచ్చింది. 1848లో పోయినవాడు భర్త, 1877లో పోయినవాడు కొడుకు. ఏళ్లు రాయకపోతే ఇద్దరూ ఒకరైపోతారు.

సింహద్వారం: కమెహమెహాల దగ్గరా ఇదే చిక్కు. రెండో, మూడో రాజులు మొదటి కమెహమెహా కొడుకులు. నాలుగు, ఐదు ఆయన కూతురు కీనావు కొడుకులు, అంటే మనవలు. నాలుగో ఆయన్ని మూడో ఆయన పెంచుకున్నాడు, రక్తసంబంధంలో మేనల్లుడు. అంకెలు చూసి తండ్రీకొడుకుల గొలుసు గీసేస్తే అక్కడే చెడుతుంది.

పాతపటం: సరిచేశాను. పౌవాహి బతికుండగానే 1874లో రాజు కోసం ఎన్నికెందుకు?

సింహద్వారం: ఐదో కమెహమెహా 1872 డిసెంబరు 11న మరణశయ్య మీద పౌవాహిని సింహాసనం తీసుకోమన్నాడు, ఆమె వద్దంది. వారసుణ్ణి ప్రకటించకుండానే ఆయన పోయాడు. అలాంటప్పుడు శాసనసభ అలీఈలలో ఒకరిని ఎన్నుకోవాలని 1864 రాజ్యాంగం చెబుతోంది. 1873లో అలా ఎన్నికై లునలిలో అనే ఆయన రాజయ్యాడు, ఏడాదికే, 1874 ఫిబ్రవరి 3న పోయాడు. ఆయనా ఎవరినీ ప్రకటించలేదు. ఫిబ్రవరి 12న నాలుగో కమెహమెహా భార్య ఎమ్మా మీద కలాకౌవా 39–6 ఓట్లతో గెలిచాడు. ఎమ్మా మనుషులు కోర్టు భవనం మీద పడితే అమెరికా, బ్రిటన్ ఓడల సిపాయిలు దిగి అణచాల్సి వచ్చింది. చెట్టులో ఇక్కడ గీత తెంచి కొత్త వంశం మొదలుపెట్టాలి, పాకీ ఇంటి చుక్కల గీతతో అతకబెట్టకూడదు.

కొమ్మరెమ్మ: కింది భాగానికి రెండు మాటలు. కలాకౌవా, కపియోలానిలకు పిల్లల్లేరు, లిలియువోకలాని, జాన్ డొమినిస్‌లకూ లేరు. అందుకే 1891లో ఆమె లికెలికె కూతురు కైయులానిని వారసురాలిగా ప్రకటించింది. చాలామంది మేనకోడలు అని రాసేస్తారు. చెల్లెలి కూతురు కాబట్టి మన లెక్కలో రాణి పెద్దమ్మ, కలాకౌవా మేనమామ. కవానానకోవా, కూహియోలు కపియోలాని చెల్లెలు కెకౌలికె కొడుకులు, వాళ్లను రాజు భార్య వైపే పెట్టండి.

రాణి పెంపుడు పిల్లలు ముగ్గురు: లిడియా అహోలో, జోసెఫ్ ఆయెఆ, జాన్ ఐమోకు డొమినిస్. ఐమోకు ఆమె భర్తకు వేరొకరి వల్ల పుట్టినవాడు, కాబట్టి ఆ పెట్టెకు తండ్రి వైపు నిండు గీత, రాణి వైపు చుక్కల గీత.

పాత కాగితాల్లో వెతుకుతుంటే 1877కు ముందు వాటిలో ‘లిలియువోకలాని’ అనే పేరు పట్టుకోకండి. లెలెయోహోకు పోయాక ఆమెను వారసురాలిగా ప్రకటించినప్పుడు స్థిరపడిన పేరది. అంతకుముందు వాటికి లిడియా కమకాఎహా, లిడియా పాకీ, 1862 పెళ్లి తర్వాత వాటికి లిడియా డొమినిస్ అని చూడండి.