లంకావి దగ్గర పడవలోనే కాపురం: మోనోహల్ కొనాలా, కాటమరాన్ కొనాలా?

సింగపూర్_తెరచాప:
అందరికీ నమస్కారం. నాకు 57, మా ఆవిడకి 54. పాతికేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాం. వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి మలేషియాలోని లంకావికీ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కీ మధ్య తెరచాప పడవలోనే ఉండాలని అనుకున్నాం. రెండు వారాల సరదా కాదు, కనీసం నాలుగైదేళ్లు. కాలేజీ రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవ నడిపాను, ఇక్కడ పదేళ్లుగా క్లబ్ పడవల మీద వెళ్తున్నాను. మా ఆవిడకి ఈత వచ్చు, సముద్రం అంటే భయం లేదు, కానీ మోకాళ్ల నొప్పులున్నాయి.

చూసి పెట్టుకున్నవి రెండు. ఒకటి అమెల్ సూపర్ మరాము, 16 మీటర్ల మోనోహల్, అంటే ఒకే పొట్ట ఉన్న పడవ. రెండోది లగూన్ 380, 11.55 మీటర్ల కాటమరాన్, అంటే పక్కపక్కన రెండు పొట్టలున్న పడవ. రెండూ వాడినవే, ధరలో పెద్ద తేడా లేదు. సముద్రాలు దాటినవాళ్లు మోనోహల్ అంటున్నారు, పడవలో కాపురం చేసినవాళ్లు కాటమరాన్ అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక నెల రోజులుగా టెన్షన్.

భీమిలి_ఒడ్డు:
అమెల్ తీసుకోండి సార్. మన నేవీ పడవ తారిణి గుర్తుందిగా. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో స్వాతి గారిది మా విశాఖ, ఐశ్వర్య గారిది హైదరాబాద్. దక్షిణ మహాసముద్రంలో అంత గాలికి, అంత కెరటాలకి తట్టుకున్న ఆ పడవ మోనోహల్. గాలికి పక్కకి పడిపోయినా అడుగున ఉండే కీల్ అనే బరువైన రెక్క దాన్ని మళ్లీ లేపి నిలబెడుతుంది. కాటమరాన్ ఒకసారి తిరగబడితే ఇక అంతే. మునగదు, కానీ లేవదు.

ఇంకో మాట. కాటమరాన్ అనే పేరు తమిళ కట్టుమరం నుంచి వెళ్లింది, మా ఒడ్డున తెప్ప అంటాం. దుంగలు కట్టిన తెప్ప వేరు, రెండు పడవల మీద ఇల్లు కట్టిన ఈ లగూన్ వేరు. పేరు చూసి మనదే అనుకోవద్దు.

లంగరు_జీవితం:
తారిణి మీద నాకూ ఎంతో గౌరవం ఉంది. కానీ అది కాపురానికి కట్టిన పడవ కాదండి. మేమిద్దరం ఆరేళ్లుగా లంకావి చుట్టుపక్కలే ఉంటున్నాం. మొదటి నాలుగేళ్లు 42 అడుగుల మోనోహల్, ఇప్పుడు రెండేళ్లుగా కాటమరాన్. లాగ్‌బుక్ తీసి లెక్క చూశాను. పోయినేడాది పడవ కదిలిన రోజులు 61. మిగతా మూడు వందల పైచిలుకు రోజులు లంగరు మీదే. ఆ 61లో కూడా దాదాపు సగం ఇంజను మీద వెళ్లినవే, ఇక్కడ గాలి అంతంతమాత్రం. కాబట్టి పడవ ఎలా పరిగెడుతుందో తర్వాత చూడొచ్చు, లంగరు మీద ఎలా ఉంటుందో ముందు చూడండి.

అందులోనూ ఒక్క రాత్రి ఊహించుకోండి. నైరుతి రోజులు, తెల్లవారుజామున రెండు గంటలు, లోపల 30 డిగ్రీలు. వాన మొదలైంది. తల మీది హ్యాచ్, అంటే పైకప్పు కిటికీ, మూస్తాం. ఐదు నిమిషాల్లో ఉక్కపోతకి దిండు తడిసిపోతుంది. వాన తగ్గిందని తెరుస్తాం, కన్ను అంటుకునేలోపు మళ్లీ చినుకులు. పాత పడవలో ఒకే రాత్రి తొమ్మిది సార్లు లేచాను. నిద్ర లేకపోతే మర్నాడు చిన్న మాటకే గొడవ. సముద్రం మీద కాపురాలు చెడేది తుపానులకి కాదు, ఇలాంటి రాత్రులకి.

కాటమరాన్ వెనక భాగం మన పాత ఇళ్ల వసారా లాంటిది. పైన గట్టి కప్పు, చూరు బయటికి ఉంటుంది. జోరు వానలో కూడా హాలు తలుపు తీసే ఉంచుతాం. లంగరు మీద పడవ మూతి గాలి వైపే తిరిగి ఉంటుంది కాబట్టి గాలి ముందు నుంచి వెనక్కి ఆడుతూనే ఉంటుంది. వంటిల్లు కూడా పైనే. మోనోహల్‌లో టీ పెట్టుకోవాలన్నా నిటారుగా ఉండే మెట్లు దిగాలి. మీ ఆవిడ మోకాళ్ల సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఇక డెక్, అంటే పడవ పైన నడిచే నేల. మా పాత పడవకి టేకు డెక్ ఉండేది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడలేకపోయేవాళ్లం. పలకలు బిగించిన స్క్రూల చుట్టూ సీలెంటు ఎండిపోయి, ఆ సందుల్లోంచి నీళ్లు దిగేవి. చుక్క సరిగ్గా మా ఆవిడ దిండు మీదే పడేది. స్టీలు గిన్నె పెట్టుకుని ఒక వానాకాలమంతా గడిపాం. కొనేముందు సర్వేయరు డెక్ బాగుందనే రాసిచ్చాడు. మీరు ఏ పడవ చూసినా వాన పడ్డ మర్నాడు వెళ్లండి. లాకర్ల మూలల్లో చెయ్యి పెట్టి తడి చూడండి, పరుపు ఎత్తి వాసన చూడండి.

భీమిలి_ఒడ్డు:
అన్నా, డెక్ విషయంలో అమెల్‌ని మీ పాత పడవతో కలపకండి. సూపర్ మరాము మీద టేకులా కనిపించేది టేకు కాదు, ఫైబర్‌లోనే పోసిన గీతలు. స్క్రూలూ లేవు, కారడమూ లేదు. వానకి గుడ్డ పందిరి ఉంది కదా. ముందు హ్యాచ్ మీద మంచి కాన్వాస్ కట్టించుకుంటే మీరు చెప్పిన తొమ్మిది సార్లు లేవడం తప్పుతుంది. రెండు మూడు పరుపుల ఖరీదు పెట్టి తీర్చుకోగలిగిన ఇబ్బంది కోసం పడవనే మార్చాలా?

బరువు సంగతి మీరు ఎత్తలేదు. నాలుగైదేళ్ల కాపురం అంటే నీళ్లు, డీజిల్, బ్యాటరీలు, ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ డింగీ, పనిముట్లు, బియ్యం, పచ్చళ్లు. లగూన్ 380 లాంటి దాని మీద రెండు మూడు టన్నులు ఎక్కితే నీళ్లలోకి దిగిపోతుంది. రెండు పొట్టల మధ్య అడుగుకి కెరటాలు తగులుతూ దబదబమంటాయి. సుమత్రా స్క్వాల్ అనే గాలివాన ఒక్కసారిగా 40 నాట్లతో (గంటకి దాదాపు 74 కి.మీ.) మీద పడినప్పుడు బరువెక్కిన కాటమరాన్‌లో ఉండాలనిపించదు. 16 మీటర్ల అమెల్ అయితే అంత సామానుకీ ఏమీ అనదు.

గ్రెనడా_లంగరు:
నేను కరీబియన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ చలికాలం అంతా తూర్పు గాలి 15, 20 నాట్లతో నిలకడగా వీస్తుంది, అందుకని మోనోహల్ మీద ఉక్కపోత అంతగా తెలియదు. అదే బహామాస్ వెళ్తే నీటి లోతు తక్కువ. అమెల్‌కి రెండు మీటర్ల పైన నీళ్లు కావాలి, లగూన్ 380కి 1.15 మీటర్లు చాలు. కాబట్టి ఒక చోట నిజమైంది ఇంకో చోట నిజం కాదు. ఇక్కడ మా అందరి దిగులూ హరికేన్లు వచ్చే జూన్ నుంచి నవంబరు దాకా పడవ ఎక్కడ దాచుకోవాలన్నదే. 2024 జులై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాకి చెందిన కారియకూ దీవి మీద విరుచుకుపడ్డప్పుడు ఒంటి పొట్ట, జంట పొట్ట తేడా లేకుండా పడవలు పోయాయి. లంకావి దగ్గర తుపాను అరుదు. ఆ అదృష్టం మీకుంది, వాడుకోండి.

లంగరు_జీవితం:
బరువు మాట నిజం తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. మేము ఏడాదికోసారి సామానంతా దించి, ఆర్నెల్లుగా ముట్టుకోనిది పంచేస్తాం. గుడ్డ పందిరి మాత్రం ఒప్పుకోను. స్క్వాల్ వచ్చేముందు అర్ధరాత్రి చీకట్లో దాన్ని విప్పాల్సింది ఎవరు? నేనే విప్పేవాణ్ణి, జారి పడి మోచెయ్యి చీరుకున్నాను కూడా.

కరెంటు లెక్క కూడా చూడండి. ఇక్కడి ఎండకి కిలోవాట్ సోలార్ పలకలు రోజుకి నాలుగు యూనిట్ల చుట్టూ ఇస్తాయి. ఫ్రిజ్‌కీ, ఫ్యాన్లకీ, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రానికీ అది సరిపోతుంది. కాటమరాన్ వెనక కప్పు మీద ఆ పలకలు పరిచేయొచ్చు. మోనోహల్‌లో అంత చోటు దొరకదు, దొరికిన చోట మాస్టు (తెరచాప స్తంభం) నీడో తెరచాప దూలం నీడో పడుతుంది. అప్పుడు జనరేటర్ వేయాలి. ఆ మోత, ఆ పొగ మీకే కాదు, పక్క పడవకీ.

కాటమరాన్‌తో ఖర్చు మాత్రం ఎక్కువే. రెండు ఇంజన్లు, పడవలు కట్టే రేవు మెరీనాలో రెండింతల దాకా అద్దె, ఒడ్డుకి ఎత్తే లిఫ్టు ఆరున్నర మీటర్ల వెడల్పు పట్టేది కావాలి. ఏది కొన్నా పదేళ్లు దాటిన మాస్టు తీగలు మార్చనిదే చాలా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వవు. ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోండి.

సింగపూర్_తెరచాప:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. స్టీలు గిన్నె దగ్గర ఆపమని, మళ్లీ చదివించుకుంది. నాకింకా అమెల్ మీద మనసు పోలేదు. ఆ గట్టి కట్టడం, పడవ నడిపే చోటైన ఆ కాక్‌పిట్ చూసి వదలబుద్ధి కావడం లేదు. అందుకే ఇద్దరం ఒక మాట అనుకున్నాం. సెప్టెంబరులో, వానలు గట్టిగా ఉన్నప్పుడే వెళ్లి, ఒక మోనోహల్‌లో ఐదు రాత్రులు, ఒక కాటమరాన్‌లో ఐదు రాత్రులు అద్దెకి ఉంటాం. మెరీనాలో కాదు, లంగరు మీదే, ఏసీ లేకుండా. ఏ రాత్రి ఎన్నిసార్లు లేచామో తనే రాసి పెడతానంది. ఆ కాగితం తెచ్చి ఇక్కడే పెడతాను.