కాంటెస్సాలో ఇన్నోవా ఇంజిన్: హైదరాబాద్‌లో ఎవరైనా చేశారా?

నమస్తే అండీ. మా మామయ్య వాడిన హిందుస్థాన్ కాంటెస్సా కారు నా చేతికొచ్చింది. 1.8 లీటర్ ఇసుజు పెట్రోల్ ఇంజిన్ పాడైంది కానీ బాడీ గట్టిగా ఉంది. నా దృష్టిలో మన మజిల్ కార్ (దూకుడు రూపం, బలమైన ఇంజిన్ ఉండే కారు) ఇదే, ఆ పొడవాటి బానెట్ జోలికి మాత్రం వెళ్లను. లోపల ఇన్నోవా క్రిస్టా 2.7 పెట్రోల్ ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా పెట్టాలనుంది. రెండూ వెనక చక్రాలను తిప్పే బండ్లే.

అసలు టెన్షన్ వెనక యాక్సిల్ గురించి. 90 హార్స్‌పవర్ లోపు ఇంజిన్‌కు చేసినది, 150 దాటితే తట్టుకుంటుందా, లేక అదీ మార్చాలా? బ్రేకులు ఎలాగూ మారుస్తాను. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేరవేసే డ్రైవ్‌షాఫ్ట్‌ను కొలతకు కోసి బ్యాలెన్స్ చేసే మంచి పనివాళ్లు రాణిగంజ్ వైపు ఉన్నారా?

ఇంజిన్ మారిస్తే ఆర్‌టీఏ అనుమతి, ఆర్‌సీలో ఎంట్రీ తప్పవు కదా. వేరే కంపెనీ ఇంజిన్‌కు ఖైరతాబాద్‌లో ఎవరికైనా అనుమతి వచ్చిందా? అది తెలిశాకే ఇంజిన్ కొంటాను.