ఫ్రాన్స్‌ది పౌర జాతీయవాదం, జర్మనీది సాంస్కృతిక జాతీయవాదం: ఈ విభజన ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న:
ఒకే చట్టానికి కట్టుబడి కలిసి బతకడానికి అంగీకరించినవారంతా ఒక జాతి అనే పౌర జాతీయవాదానికి ఫ్రాన్స్‌ను, వంశం, భాష, సంస్కృతులే జాతికి పునాది అనే సాంస్కృతిక జాతీయవాదానికి జర్మనీని రాజనీతి శాస్త్ర పాఠాల్లో ఉదాహరణలుగా చెబుతారు. చరిత్రకారుడు హాన్స్ కోన్ 1944లో పడమటి, తూర్పు జాతీయవాదాల మధ్య గీసిన గీత కూడా దాదాపు ఇదే. పరీక్షలో రాయడానికి ఇది తేలికే కానీ, ఆ రెండు దేశాల చరిత్రను దగ్గరగా చూస్తే ఈ విభజన నిలుస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
దీన్ని పరీక్షించడానికి ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దులోని అల్సాస్ ప్రాంతాన్ని చూడాలి. 1871లో ఫ్రాన్స్‌ను ఓడించిన జర్మనీ అల్సాస్‌ను, లొరైన్‌లో కొంత భాగాన్ని కలిపేసుకుంది. అల్సాస్‌లో అత్యధికులు మాట్లాడేది జర్మన్ మాండలికమే కనుక వారు జర్మన్లేనని ఆ దేశపు పండితులు వాదించారు. ఆ నేపథ్యంలోనే ఫ్రెంచ్ పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, జాతికి ఆధారం భాషా కాదు, వంశమూ కాదు, కలిసి ఉండాలన్న ప్రజల సమ్మతేనని, అది నిత్యం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ వంటిదని అన్నాడు. పోగొట్టుకున్న నేలను తిరిగి కోరుకునే దేశానికి ఈ సిద్ధాంతం ఎంత అనుకూలమో గమనించండి. 1918లో అల్సాస్ తిరిగి చేతికి వచ్చినప్పుడు మాత్రం ఫ్రాన్స్ ప్రజాభిప్రాయ సేకరణ ఊసే ఎత్తలేదు. పైగా అక్కడి నివాసులకు తల్లిదండ్రుల మూలాలను బట్టి ఎ, బి, సి, డి అనే నాలుగు రకాల గుర్తింపు కార్డులు ఇచ్చి, డి కార్డు పడిన జర్మన్లలో వేలాది మందిని రైన్ నది అవతలికి, అంటే జర్మనీకి పంపించింది.

జవాబు 2:
పై జవాబుకు అప్పటి ఫ్రెంచ్ వలస అల్జీరియాను కూడా చేర్చాలి. 1865 నాటి శాసనం అక్కడి ముస్లింలను ఫ్రెంచివారిగా గుర్తించింది కానీ, ఇస్లామీయ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుంటే తప్ప పౌరసత్వం ఇవ్వలేదు. అయినా ఈ విభజన ఉత్తదేనని నేను అనుకోను. సమానత్వం పేరు చెప్పుకునే రాజ్యాన్ని ఆ మాట పట్టుకునే నిలదీయవచ్చు. పుట్టుకే ప్రమాణమన్న చోట బయటివాడికి ఆ వాదన కూడా దొరకదు. జర్మనీ 1913 చట్టం పౌరసత్వాన్ని వంశంతో ముడిపెట్టడం వల్ల, 1961 ఒప్పందం తర్వాత టర్కీ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు అక్కడే పుట్టినా విదేశీయులుగానే మిగిలారు. తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్లుగా చట్టబద్ధంగా అక్కడ నివసిస్తూ ఉంటే బిడ్డకు జన్మతః పౌరసత్వం ఇచ్చే నియమం 2000లో గానీ రాలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. చట్టం మారితే దేశం ఒక రకం నుంచి మరో రకానికి జరుగుతుందన్నమాట. మరి భారతదేశాన్ని ఎలా చూడాలి?

జవాబు 3:
మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మొదట్లో, కొద్దిపాటి మినహాయింపులతో, ఈ నేల మీద పుట్టినవారంతా పౌరులే. 1987 జులై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలన్న షరతు వచ్చింది. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్న షరతు కూడా చేరింది. అంటే జర్మనీ వంశం నుంచి జన్మస్థలం వైపు కదులుతున్న కాలంలోనే మన చట్టం ఎదురు దిక్కుకు నడిచింది. అయితే దీన్ని వెంటనే సాంస్కృతిక జాతీయవాదం అనేయడం తొందరపాటు అవుతుంది. 1987 నాటి షరతు మీద, బంగ్లాదేశ్ వలసలకు వ్యతిరేకంగా అస్సాంలో సాగి 1985 ఒప్పందంతో ముగిసిన ఆందోళన ప్రభావం ఉంది. ఆ ఆందోళనను నడిపింది మతం కంటే ఎక్కువగా అస్సామీ భాష, భూమి గురించిన భయం. దాన్ని పై రెండు గడుల్లో ఎందులోనూ పూర్తిగా ఇమడ్చలేము.