ట్రైనీ థెరపిస్ట్ సెషన్ మధ్యలోనే ఆపేస్తుంటే సూపర్‌విజన్‌లో ఎలా సరిదిద్దాలి?

ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (ఘోరమైన సంఘటన జ్ఞాపకాలు వెంటాడే PTSDకి చేసే మానసిక చికిత్స) నేర్పేవాళ్లెవరైనా ఉంటే సలహా కావాలి. 90 నిమిషాల సెషన్‌లో 30 నుంచి 45 నిమిషాలు క్లయింటు కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. 5 నిమిషాలకోసారి బాధ ఎంతుందో 0–100లో అడగాలి. అది 80 దాటి గొంతు వణకగానే ట్రైనీ "పర్లేదు, కాసేపు ఆపుదామా?" అనేస్తున్నారు. వినడానికి ఓదార్పే. కానీ ఆ జ్ఞాపకం నిజంగానే భరించలేనిదని క్లయింటుకు ఖాయం చేసినట్టవుతుంది. డిసోసియేట్ అయిపోతుంటే, అంటే చుట్టూ ఉన్నదానితో సంబంధం తెగిపోతుంటే, కళ్లు తెరిపించడం వేరే సంగతి. ఇక్కడ భయపడేది ట్రైనీయే అని నా అనుమానం. రోల్‌ప్లేలో బాగానే చేస్తారు, అసలు గదిలో మళ్లీ అదే తంతు.

రికార్డింగులో సరిగ్గా ఆపిన క్షణం దగ్గరే నిలిపి అడగడం మేలా, మొదటి కేసులకు సూపర్‌వైజర్ పక్కన కూర్చోవడం మేలా? పక్కన కూర్చుంటే క్లయింటు చూపు అటే పోదా?