‘ఆక్రమించిన భూభాగాల నుంచి’ అంటే అన్నీనా, కొన్నా?

ప్రశ్న: ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 242వ తీర్మానాన్ని తెలుగు చేస్తున్నాం. 1967 నవంబర్ 22 నాటిది. ఆ ఏడాది జూన్ యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ బలగాల ఉపసంహరణ గురించి అందులో ఉంది. ఇంగ్లిష్‌లో ‘ఫ్రమ్ టెరిటరీస్ ఆక్యుపైడ్ ఇన్ ద రీసెంట్ కాన్‌ఫ్లిక్ట్’ అని ఉంది. టెరిటరీస్ ముందు ‘ద’ లేదు. ఉంటే అన్ని భూభాగాలనీ, లేదు కాబట్టి కొన్నే కావచ్చనీ అంటారు. ఆ లేని ‘ద’ మీదే 50 ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. మనకసలు ‘ద’యే లేదు కదా, ఎటూ మొగ్గకుండా ఎలా రాయాలి?

తెలుగు మాస్టారు: పూర్తిగా కుదరదండీ. పార్కులో ‘పూలు కోయరాదు’ అని బోర్డు పెడితే, ఏవో కొన్ని పూల గురించి అని ఎవరూ అనుకోరు. మామూలు బహువచనం ఇలాంటి చోట మొత్తానికే వర్తిస్తుంది. కొన్నే అయితే ‘కొన్ని’ అని చెప్పి తీరాలి. ద్వితీయా విభక్తిలో మనకు కాస్త వెసులుబాటు ఉంది. ‘పుస్తకాలు తెచ్చాడు’ అంటే ఏవో పుస్తకాలు, ‘పుస్తకాలను తెచ్చాడు’ అంటే ఇదివరకు అనుకున్నవి. ‘నుంచి’ దగ్గర ఆ తేడా చూపించలేం. ‘భూభాగాల నుంచి’ అన్నది ఒక్కటే రూపం. అంచేత మనం ఎంత జాగ్రత్తపడ్డా తెలుగు వాక్యం ఫ్రెంచి పాఠం వైపే ఒరుగుతుంది.

ప్రశ్న: ఫ్రెంచిలో ఏముంది మాస్టారూ?

లాయరు: నేను చెప్తాను. ‘దే తెరిత్వార్ ఒక్యుపే’. ఆ ‘దే’లో ‘నుంచి’తో పాటు ‘ద’ కూడా కలిసిపోయి ఉంది. ఏవో కొన్ని అనే అర్థం కావాలంటే అక్కడ ‘దే’ రాదు. అప్పట్లో మండలి పని భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచి రెండే. ముసాయిదా బ్రిటన్ రాయబారి లార్డ్ కారడాన్‌ది, రాసింది ఇంగ్లిష్‌లో, కాబట్టి దాన్నే చూడాలంటుంది ఇజ్రాయెల్ పక్షం. ‘అన్ని’ అన్న మాట కావాలని కొన్ని దేశాలు అడిగినా చేర్చలేదని కూడా గుర్తుచేస్తుంది. రెండో పక్షం, అంటే అరబ్ దేశాల వైపు, తీర్మానం పీఠికను చూపిస్తుంది. యుద్ధంతో భూభాగం సంపాదించుకోవడం చెల్లదని అక్కడే ఉంది. కింద ‘కొన్ని’ అని చదివితే పైనున్న ఆ మాటకు విలువే ఉండదు. నాకు రెండో వాదనే నిలుస్తుందనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ ఏడాది మండలిలో భారత్ కూడా సభ్యదేశం. మన రాయబారి జి. పార్థసారథి, ఈ తీర్మానాన్ని అన్ని భూభాగాల నుంచి పూర్తి ఉపసంహరణగానే తాము అర్థం చేసుకుంటున్నామని ఓటుకు ముందే రికార్డు చేయించారు. తీర్మానం 15 ఓట్లతో ఏకగ్రీవంగా నెగ్గింది. అయితే ఒక దేశం ఇచ్చుకున్న వివరణ మండలి మొత్తాన్నీ కట్టిపడేయదు.

పత్రిక డెస్కు: పీఠికలోని ‘ఇనడ్మిసిబిలిటీ’ అన్న మాటకు మీరన్న ‘చెల్లదు’ సరిగ్గా సరిపోయింది. ‘అనుమతించరాదు’ అని రాస్తే ఎవరో పర్మిషన్ ఇవ్వనట్టు ఉంటుంది. మరి 2024 అంతర్జాతీయ న్యాయస్థానం వార్తల్లో కూడా ఈ ‘ద’ గొడవ వస్తుందా?

లాయరు: రాదు. 2024 జులై 19 నాటి సలహా అభిప్రాయం ఆ మాట మీద ఆధారపడలేదు. పశ్చిమ తీరం (వెస్ట్ బ్యాంక్), తూర్పు జెరూసలేం, గాజా కలిపి ఒకే పాలస్తీనా భూభాగంగా తీసుకుంది. అక్కడ ఇజ్రాయెల్ ఉనికి చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగించాలని 11–4తో తేల్చింది. అక్కడ స్థిరపడ్డ ఇజ్రాయెలీలను, అంటే సెటిలర్లను, ఖాళీ చేయించాలన్నది 14–1. సిరియా నుంచి 1967లోనే ఆక్రమించిన గోలాన్ ఇందులో లేదు, దాన్ని ఈ వార్తలో కలపొద్దు. ‘తీర్పు’ అని హెడ్డింగు పెట్టకండి, ‘ఆదేశించింది’ అని అంతకన్నా పెట్టకండి. సలహా అభిప్రాయం అలా కట్టిపడేసేది కాదు. గడువు పెట్టింది కోర్టు కాదు, ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ. 2024 సెప్టెంబర్ 18 తీర్మానంలో 12 నెలలన్నారు. అనుకూలం 124, వ్యతిరేకం 14, తటస్థం 43. భారత్ ఈసారి తటస్థం.

పత్రిక డెస్కు: పెద్ద పెద్ద ప్రాంతాలను ఇజ్రాయెల్ కలిపేసుకుంటున్నట్టేనని కూడా కోర్టు అంది కదా. దాన్ని ‘విలీనం’ అని రాస్తున్నారు. సెప్టెంబర్ 17 వస్తే విలీనమా, విమోచనమా అని తెలంగాణలో ఏటా కొట్టుకునే మాట అది. అందులో ఒప్పందం వాసన ఉంది. ‘బలవంతంగా కలుపుకోవడం’ అనేస్తే పోతుంది.

ప్రశ్న: సరే, 242కి ఏం ఖాయం చేద్దాం?

తెలుగు మాస్టారు: ‘ఇటీవలి యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సాయుధ బలగాల ఉపసంహరణ’. ‘కొన్ని’ వద్దు, ‘అన్ని’ వద్దు, ‘ఆ’ అసలే వద్దు. అడుగున ఒక గమనిక పెట్టండి: ఇంగ్లిష్‌లో ‘ద’ లేదు, ఫ్రెంచిలో ఉంది అని. ఎటు చదవాలో పాఠకుడే చూసుకుంటాడు.

లాయరు: ఒక్క సవరణ మాస్టారూ. పీఠికలో ‘వార్’ ఉంది, ఇక్కడ ‘కాన్‌ఫ్లిక్ట్’ ఉంది. రెండింటికీ ‘యుద్ధం’ అంటే మూలంలో ఉన్న తేడా పోతుంది. ఇక్కడ ‘సంఘర్షణ’ అనండి.