విపత్తు కలను హెచ్చరికగా నలుగురికీ ప్రకటించవచ్చా?

నడిరేయి:
సముద్రం వెనక్కి తగ్గి, మళ్లీ గోడలా లేచి నగరం మీద పడుతున్నట్టు, వీధులు ఒక్కొక్కటే మునిగిపోతుంటే నేను మేడ మీద నిలబడి చూస్తున్నట్టు ఒకే కల పదేపదే వస్తోంది. మెలకువ వచ్చాక కూడా నీటి హోరు వినిపిస్తూనే ఉంటుంది. దీన్ని అందరికీ చెప్పడం నా బాధ్యత అని కొందరు మిత్రులు, చెబితే లేనిపోని భయం పుడుతుందని మరికొందరు అంటున్నారు. మీరేమంటారు?

తూర్పుగాలి:
తప్పక చెప్పాలి. ఒక దీవి పేలిపోయి నాలుగు వేల మంది చనిపోబోతున్నట్టు 1902లో బ్రిటిష్ సైనికుడు జె. డబ్ల్యు. డన్‌కు కల వచ్చింది. ఆ తరువాత చేతికందిన పత్రికలో, మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియర్ నగరం నాశనమైందన్న వార్త ఉంది. ఇది కూడా కాకతాళీయమేనా?

గీటురాయి:
ఆ కథలో మిగిలిన సగం కూడా చెప్పాలి. పత్రిక వేసిన అంకె నలభై వేలు; డన్ దాన్ని తొందరలో నాలుగు వేలుగా చదివారు. వాస్తవంగా మరణించినవారు ఇంచుమించు 28 వేల మంది. అంటే కలలోని అంకె సరిపోయింది జరిగిన ఘోరంతో కాదు, ఆయన తప్పుగా చదివిన శీర్షికతో. పైగా ఈ వృత్తాంతం పుస్తకంగా అచ్చయింది 1927లో.

బహిరంగంగా ప్రకటిస్తే ఏమవుతుందో జపాన్‌లో చూశాం. 1999లో అచ్చయిన ఒక బొమ్మల కథల పుస్తకం అట్ట మీద 2011 మార్చిలో మహా విపత్తు అని ఉండడం, ఆ నెలలోనే జపాన్‌ను భూకంపం, సునామీ ముంచెత్తడంతో, ఆ రచయిత్రి మరో కల ఆధారంగా 2025 జులైకి చెప్పిన సునామీని ఎంతోమంది నమ్మారు. హాంకాంగ్ నుంచి పర్యాటకులు తగ్గిపోయి విమాన సర్వీసులనే కుదించుకోవలసి వచ్చింది. తేదీ, స్థలం, తీవ్రత తేల్చి భూకంపాన్ని ముందే చెప్పడం నేటి విజ్ఞానానికి సాధ్యం కాదని జపాన్ వాతావరణ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. జనం భయపడిన జులై 5 ఏ మహా విపత్తూ లేకుండానే గడిచిపోయింది.

నడిరేయి గారూ, 2004, 2011 సునామీల దృశ్యాలు చూడని కళ్లు ఇప్పుడు అరుదు. మీ కలకు ముడిసరుకు అక్కడే ఉండవచ్చు. నిద్ర చెడుతుంటే పగటిపూట ఆ కల ముగింపును మీకు నచ్చినట్టు మార్చి రాసుకొని, రోజూ కాసేపు మనసులో ఊహించుకొనే చికిత్సా పద్ధతి ఒకటి ఉంది, వైద్యులను అడగండి.

తూర్పుగాలి:
అదే 2025 జులై 30న రష్యాలోని కామ్చట్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వచ్చి, సునామీ అలలు జపాన్‌ను తాకాయి కదా? దాన్ని ఏమంటారు?

గీటురాయి:
ఆ రచయిత్రి కల చూపించింది జపాన్‌కు దక్షిణాన, ఫిలిప్పీన్స్ వైపు సముద్రాన్ని. కామ్చట్కా ఉత్తరాన ఉంది. 2011 నాటికి మూడింతలు ఉంటాయన్న అలలు జపాన్ తీరంలో ఒకటిన్నర మీటరు కూడా దాటలేదు. నెల ఒక్కటి కలిసిందని మిగతావన్నీ వదిలేస్తే ఏ కలైనా నిజమవుతుంది. ఆ రోజు లక్షల మందిని ఎత్తైన చోట్లకు వెళ్లమని చెప్పింది భూకంపమాపకాలను చూసి ఇచ్చిన హెచ్చరిక. కలను చూసి ఇచ్చినది కాదు.